అల్లుడూ, ఇంజన్ ఇప్పుడే దింపకు

అల్లుడూ,

మీ బాపు అంబాసిడర్‌ను మళ్ళీ రోడ్డెక్కించావు, నాకు చాలా సంతోషంగా ఉంది. హన్మకొండ నుంచి మడికొండ దాకా బాగానే పోయి, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరికి వచ్చేసరికి వేగం 50 దాటట్లేదని, పక్కకు ఆపి కాసేపు ఆగితే మళ్ళీ అందుకుంటోందని రాశావు. మెకానిక్ ఇంజన్ దింపి విప్పాలన్నాడని టెన్షన్ పడుతున్నావు. ఒప్పుకోకు. ఇంజన్ లోపలి రింగులో వాల్వులో పోతే ఇంట్లోంచి బయల్దేరినప్పుడే పికప్ ఉండదు, ఆగినంత మాత్రాన తిరిగి రాదు. ఆగితే బాగయ్యే జబ్బు ఎక్కువగా పెట్రోలు అందకపోవడమో, వేడికి స్పార్క్, అంటే పెట్రోలును అంటించే నిప్పురవ్వ, పడిపోవడమో.

ఈ రెండింటినీ విడదీయడం ముందు నేర్చుకో. పెట్రోలు అందకపోతే బండి మెల్లమెల్లగా నీరసపడుతుంది, యాక్సిలరేటర్ కొంచెం వదిలితే తేరుకుంటుంది. స్పార్క్ పోతే ఒక్కసారిగా కుదుపు, మిస్ కొట్టడం, సైలెన్సర్‌లో టపటప శబ్దం.

నువ్వు చెప్పిన తీరు చూస్తే నా అనుమానం పెట్రోలు మీదే. ఈసారి పవర్ తగ్గగానే బండి ఆపి, ఇంజన్ కట్టేసి, ట్యాంకు మూత తియ్యి. గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, మూత పెట్టి వెంటనే బయల్దేరినా బండి లాగితే, ట్యాంకులోకి గాలి ఆడే దారి మూసుకుపోయినట్టే. రంగు వేసినప్పుడు ఇలా జరుగుతుంటుంది. అదికాకపోతే ట్యాంకు అడుగున తుప్పు చూడు. ఏళ్ళ తరబడి నిలబడ్డ బండి కదా, పెచ్చులు లేచి పైపు నోటికి అడ్డం పడతాయి, ఆగితే కిందికి దిగుతాయి. అప్పుడు పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

రబ్బరు పైపులన్నీ మార్చేయి, ఇందులో బేరం వద్దు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు దానికి మెత్తబడి లోపలే ఉబ్బుతుంది, పంపు లోపలి పొర, డయాఫ్రం కూడా పాడవుతుంది. ఇథనాల్‌కు సరిపడే పైపు అని అడిగి కొను. మన ఎండల్లో పైపు ఎగ్జాస్ట్‌కు ఆనుకుంటే పెట్రోలు లోపలే ఆవిరవుతుంది, దూరంగా జరిపి కట్టించు. పంపు చూడాలంటే ఇంజన్ చల్లారాక స్పార్క్ రాకుండా కాయిల్ వైరు పీకేసి, కార్బొరేటర్ దగ్గర పైపు తీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించు. ధార గట్టిగా పడాలి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఎవరూ ముట్టించకుండా చూసుకో.

ఇవన్నీ బాగుంటే, స్పార్క్‌ను ఒక్కో సిలిండర్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తియ్యి. లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు నల్లగా కాలి ఉంటే, వాటిని కాలకుండా కాపాడే కండెన్సర్ మీద అనుమానపడు. కొత్తదే వేశాం కదా అని వదిలేయకు, ఈ మధ్య వచ్చేవి వేడెక్కగానే చేతులెత్తేస్తున్నాయి. పాతది దాచి ఉంటే వేసి చూడు. మధ్యలో తిరిగే రోటర్‌ను వేళ్ళతో కొంచెం తిప్పి వదిలితే స్ప్రింగు లాగి వెనక్కి రావాలి. రాకపోతే లోపలి బరువులు జిడ్డు పట్టి బిగుసుకున్నాయి, వేగం పెరిగినా స్పార్క్ పడే టైమింగ్ ముందుకు జరగదు.

బ్రేకులు కూడా చూడు, అవి పట్టేసినా బండి లాగదు. కొద్ది దూరం నడిపి, ఎక్కువ బ్రేకు వేయకుండా ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టు. ఒకటే బాగా కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కార్బొరేటర్ పూర్తిగా తెరుచుకుంటోందా, అదీ ఒకరిని కూర్చోబెట్టి చూసుకో. 1489 సీసీ ఇంజన్ అది, కొత్తగా ఉన్నప్పుడే సుమారు 50 గుర్రాల శక్తి. ఇప్పటి కార్ల పికప్ దాని దగ్గర ఆశించకు.

ఒకసారికి ఒక్కటే మార్చి, అదే రోడ్డు మీద అంతే దూరం నడుపు. నాలుగూ ఒకేరోజు మారిస్తే జబ్బు ఏదో తెలియదు. ఇంత చేసినా తేలకపోతే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ పెట్టించి, నాలుగు సిలిండర్ల రీడింగ్ కాగితం మీద రాసి నాకు పంపు. అప్పుడు ఇంజన్ దింపే సంగతి మాట్లాడుకుందాం.

మీ మామ