రామప్ప, లేపాక్షి చూడబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

మీ కాలేజీ వాళ్లు రామప్ప, లేపాక్షి తీసుకెళ్తున్నారని, తిరిగొచ్చాక చూసినవాటిలోంచి సొంతంగా ఒక బొమ్మల వరస గీసి చూపించాలని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! ఆ వెనకే బెంగా పట్టుకుంది. అక్కడికెళ్లాక ఏమీ తట్టకపోతే ఎలా అని నువ్వు టెన్షన్ పడుతున్నావట. నా బెంగ అది కాదు. అదేమిటో కూడా చెప్తాను.

పెన్సిళ్లు, గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్, నీళ్ల సీసా, టోపీ ఎలాగూ సర్దుకుంటావు. వాటితో పాటు చిన్న చేతి అద్దం పెట్టుకో, మర్చిపోకు. లేపాక్షిలో చూడాల్సిన చిత్రాలన్నీ పైకప్పుకే ఉంటాయి. మెడ ఎత్తి కాసేపు చూసేసరికి నొప్పి తప్ప ఇంకేమీ తెలియదు. అద్దం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తల వంచుకునే చూడొచ్చు. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి, గీసేటప్పుడు అది గుర్తుంచుకో. గుళ్లో చెప్పులు విప్పాలి, మధ్యాహ్నానికి బండలు కాలిపోతాయి, కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

ఇక ఆలోచన తట్టడం గురించి. అన్నీ చూసెయ్యాలని పరిగెత్తితే ఏదీ తట్టదమ్మా. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి చూపిస్తారు. అందరితో పాటు నువ్వూ చూడు, అక్కడితో వదిలెయ్. తర్వాత లతామండపానికి వెళ్లి ఒక్క స్తంభం ముందు కూర్చో. మనం చీర అంచుల్లో చూసే లేపాక్షి డిజైన్లు ఆ స్తంభాల మీద నుంచి వచ్చినవే. ఒక తీగను పట్టుకుని అది ఎక్కడ మెలి తిరిగిందో, ఆకు ఎక్కడ మొదలైందో, మూల దగ్గర శిల్పి ఎలా సర్దుకున్నాడో చూస్తూ గియ్యి. నకలు గీస్తున్నానే అని చిన్నబుచ్చుకోకు. చెయ్యి ఆ తీగ వెంట నాలుగుసార్లు తిరిగితే, ఐదోసారి అదే నీ దారిన పోతుంది.

ఉత్తమాట చెప్తున్నానని అనుకోకు. రామప్పే చూడు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. దాని గోడల మీది నాట్య భంగిమలను, జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళిని పక్కపక్కన పెట్టుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవం అనే పాత నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాతిలో ఆగిపోయిన ఒక అడుగును చూసి, దాని ముందు అడుగు ఏమై ఉంటుంది, తర్వాతిది ఏమై ఉంటుంది అని ఆలోచిస్తేనే కదా అది సాధ్యం. నువ్వూ అదే ప్రశ్న వేసుకో. ఎర్రటి ఇసుకరాయి గుడికి, చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు, ఏటవాలుగా నిలబడి ఉంటారు. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి. అందరూ ఆ చెప్పులు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నువ్వు ఆమె నడుము ఎటు ఒరిగిందో, బరువంతా ఏ కాలి మీద ఉందో చూడు.

ఇప్పుడు నా బెంగ సంగతి. చిన్నప్పుడు నేనూ ఇలాంటి టూర్‌కే వెళ్లాను. ఒక పాత గుళ్లో గోడ మీద, చేతికి అందే ఎత్తులో చిత్రాలున్నాయి. దుమ్ము పట్టి మసకగా ఉన్నాయి. మాలో బాగా బొమ్మలేసే అబ్బాయి ఒకడు రుమాలు నీళ్లలో ముంచి ఒక ముఖం మీద అద్దాడు. రంగులు ఒక్కసారి వెలిగాయి! ఎరుపు, నలుపు, కళ్ల కొసలు, చెవి కమ్మలు, అన్నీ నిన్న వేసినట్టు. "ఫోటో తియ్యండి, తొందరగా" అని అరిచాడు. తీశారు. నీళ్లు ఆరేసరికి ఆ ముఖం మీద తెల్లటి పొర కమ్మింది, రుమాలుకి ఎర్ర మరక మిగిలింది. ఆ మరక ఆ బొమ్మలోని అమ్మాయి చెంప అమ్మలూ. వాడు దుర్మార్గుడు కాదు, ఆ బొమ్మ మీద ప్రేమతోనే చేశాడు. ఆ రంగులు జిగురుతో పట్టినవి, తడి తగిలితే జిగురు వదులుతుందని, గోడలోని ఉప్పు పైకి తేలుతుందని వాడికి తెలియదు.

తెలిసినవాళ్లూ చేశారు. 19వ శతాబ్దంలో అజంతా చిత్రాలకు నకళ్లు గీసేటప్పుడు రంగులు బాగా కనపడాలని వార్నిష్ పూశారు. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పిస్తే, పెచ్చులు ఊడకుండా వాళ్లు లక్క పూత వేశారు. ఆ పూతలన్నీ పోనుపోను పచ్చబడి, ముదిరి, కింద ఉన్న రంగుల్నే మార్చేశాయి. తర్వాత పురావస్తు శాఖ వాళ్లు ఓపిగ్గా వాటిని తొలగించుకుంటూ రావాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నా, మసకగా ఉంటే మసకగానే చూడు, మసకనే గియ్యి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తియ్యడం, సుద్దతో గీతలు దిద్దడం, ఫ్లాష్ కొట్టడం, ఏదీ వద్దు. పక్కన ఎవరైనా సీసా మూత తీస్తే చెయ్యి పట్టుకుని ఆపు. మొహమాటపడ్డావో, నాకు కోపం వస్తుంది. నిజంగా వస్తుంది.

ఇంకొకటి. బొమ్మ మొత్తం కళ్లకు ఆనాలని వెనక్కి వెనక్కి నడవకు. రామప్పలో గుడి ఎత్తైన అరుగు మీద ఉంటుంది, అంచుకి కటకటాలు లేవనుకునే నడు. చూడాలంటే ఆగి చూడు, నడవాలంటే ముందుకు చూసి నడు. నువ్వు బొమ్మలో పడితే ఒళ్లు మర్చిపోతావు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నానుగా. ఆ మర్చిపోవడం చూస్తేనే నాకు నమ్మకం, నీకు తప్పకుండా ఏదో ఒకటి తడుతుందని.

లేపాక్షిలో కల్యాణమండపం పూర్తికాలేదు, పైకప్పు లేకుండా స్తంభాలే నిలబడి ఉంటాయి. మిగతావన్నీ గీశాక టైం ఉంటే అక్కడ కూర్చుని, ఆ పైకప్పు మీద నువ్వైతే ఏం గీసేదానివో ఒక పేజీలో వేసుకో. తిరిగొచ్చాక ఫోటోలు తర్వాత చూస్తాను, ముందు ఆ పేజీ చూపించు.

నీ పెద్దనాన్న