వెలుగు తగ్గినట్టుందని రాసిన తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. బాప్తిస్మం అయిన కొత్తలో మనసంతా వెలుగుగా ఉండిందనీ, ఇప్పుడు బైబిలు తెరిస్తే ఏమీ పలకడం లేదనీ రాశావు. నువ్వు వెతుకుతున్నది వెలుగును కాదు నాయనా, ఆ కొత్తలోని సంతోషాన్ని. రెండూ ఒకటి కావు. యోహాను మొదటి పత్రిక 1:5-9 చదువు. వెలుగులో నడిచేవాడికి అక్కడ చెప్పిన గుర్తుల్లో ఒళ్లు పులకరించడం లేదు. అబద్ధమాడకపోవడం, ఒకరితో ఒకరికి సహవాసం, పాపం ఒప్పుకోవడం ఉన్నాయి. 2:9 ఇంకా గట్టిది: వెలుగులో ఉన్నానని చెప్పుకుంటూ సహోదరుణ్ని ద్వేషించేవాడు ఇంకా చీకట్లోనే ఉన్నాడు.

పొద్దున లేచి ఫోను ముట్టుకోకముందే ఇరవై నిమిషాలు పెట్టుకో. ఈ పత్రికకు ఐదే అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున ఐదు రోజులు. మర్నాటి నుంచి మళ్లీ అదే ఐదు రోజులు. రెండోసారే అసలు చదువు. తర్వాత యోహాను సువార్త, 21 అధ్యాయాలు. నోటుబుక్కులో రెండు మాటలు చాలు: దేవుని గురించి ఏం తెలిసింది, ఈ రోజు నేను చేయాల్సింది ఏమిటి. రెండోది ఖాళీగా వదిలేసే అలవాటైతే మూడు వారాల్లో చదువు చప్పబడుతుంది. నీకు జరిగింది అదే అనుకుంటున్నా. కళ్లు మూసుకుని ఎక్కడో ఒకచోట తెరవడం, కొత్త సంవత్సరం వాగ్దానపు కార్డు మీద ఏడాదంతా బతకడం, ఇవి మన సంఘాల్లో మామూలే. వాగ్దానం మంచిదే, కానీ దాని ముందూ వెనకా ఉన్న వచనాలు కూడా చదవాలి గదా.

కీర్తన 119:105 వాక్యాన్ని పాదాలకు దీపమంటుంది. రాత్రిపూట చేనికి నీళ్లు కట్టబోయేవాడి టార్చి నాలుగడుగులే చూపిస్తుంది. ఆ నాలుగూ వేస్తేనే తర్వాతివి కనబడతాయి. చూపించిన చోట ఆగిపోయి, ఇంకా వెలుగివ్వమని రాత్రంతా ప్రార్థన చేసినా లాభం లేదు.

నీ పని సంగతే చూడు. ధాన్యం కాటా దగ్గర కూర్చుంటావు. మన నెల్లూరులో పుట్టంటే 850 కిలోలు. తేమనీ తాలనీ చెప్పి పుట్టికి పది కిలోలు ఎక్కువ లాగిన చీటీ నీ చేతిరాతలో ఉందనుకో. సామెతలు 11:1లో దొంగత్రాసు గురించి చదివిన రోజు అది గుర్తొస్తే, అదే ఆ రోజుకి నీకిచ్చిన వెలుగు. 'ప్రభువా, నేను పాపిని' అని మొత్తంగా అనేసి దాటిపోకు. ఏ రైతు, ఎన్ని కిలోలు, ఎప్పుడు, పేరు పెట్టి ఒప్పుకో. ఆ రోజు నుంచే ఆ రాత ఆపెయ్. తేమ కొలిచే మిషను 17 శాతం లోపు చూపిస్తే తేమ కింద కోత రాయకు. యజమాని గొణుగుతాడు, ముందే నెమ్మదిగా చెప్పుకో. తర్వాత రైతుకు తిరిగివ్వడం. సంఖ్యాకాండము 5:7లో అసలుకు ఐదో వంతు కలిపి ఇమ్మని ఉంది. ఆ లెక్కన పది కిలోలకు పన్నెండు కిలోల ధర. సువార్తలో పన్ను వసూలుదారు జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. ఈ కొలత మన మీద చట్టం కాదు కానీ, అసలుకన్నా తక్కువ ఇచ్చి సరిపెట్టుకోకు. చేతిలో లేకపోతే రెండు మూడు విడతలుగా ఇవ్వు, వడ్డీకి తేవద్దు. డబ్బిచ్చేటప్పుడు 'అందరూ చేసేదే' అనే మాట నోట రానీకు. ఆ ఒక్క మాటతో ఒప్పుకోలు కాస్తా వాదన అయిపోతుంది.

ఒప్పుకోలు పాపం ఎంత దూరం పోయిందో అంతే దూరం పోవాలి. మనసులో అనుకున్నది దేవునికి చాలు. ఒకరిని నొప్పిస్తే ఆ ఒకరికి. సంఘం ఎదుట అన్న మాటను సంఘం ఎదుటే. ఇంట్లో చెప్పాల్సినదాన్ని సాక్ష్యం పేరుతో మైకులో చెప్పేవాళ్లున్నారు, దానివల్ల కుటుంబాలు చెదిరిపోతాయి.

రాత్రి పడుకోబోయే ముందు, 'దేవా, నన్ను పరిశోధించు' అనే కీర్తన 139:23-24 చదివి ఐదు నిమిషాలు ఊరకుండు. ఏదైనా తోస్తే దాన్ని సరిచేసుకో, లేకపోతే నిద్రపో. తవ్వి తవ్వి వెతకొద్దు. దేవుని వెలుగు ఫలానా పని అని చూపించి, బయటికి దారి కూడా చూపిస్తుంది. 'నువ్వు దేనికీ పనికిరావు' అని పేరూ ఊరూ లేకుండా నలిపేసే మాట ఆయనది కాదు. ఇంకొకటి, చదువుతుంటే పాస్టరుగారి తప్పులూ వదినగారి తప్పులే కనబడుతున్నాయంటే దీపం నీ పాదాల దగ్గర లేనట్టే.

అన్నీ చేసినా ఆరిపోయినట్టుండే రోజులు రావచ్చు. యెషయా 50:10 దేవునికి భయపడేవాడే వెలుగు లేక చీకట్లో నడుస్తున్న సంగతి చెప్పి, అప్పుడు యెహోవాను ఆశ్రయించమంటుంది. నిద్ర, తిండి రెండు వారాలు దెబ్బతింటే డాక్టరుకు చూపించుకో, అది అవిశ్వాసం కాదు. కనిపెట్టడం కొత్త కాదు: 1854 జనవరి 1న అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు ఒంగోలు కొండ మీద తెల్లవారుజామున ప్రార్థన చేస్తే, మరో మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అని మనం గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు కరువు సాయం నడిచినన్నాళ్లూ, కూటి కోసం వచ్చేవాళ్లుంటారని, క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, ఉంది. కానుక అర్పించే ముందు సహోదరుడితో సమాధానపడమనే మత్తయి 5:23-24 చదివి, నేనన్నలాంటి చీటీ ఉంటే శనివారం సాయంత్రం లోపే ఆ రైతు ఇంటికి వెళ్లిరా. ఒంటరిగా పోవడానికి జంకుగా ఉంటే సంఘపెద్దల్లో నోరు జారని ఒకాయన్ని వెంటబెట్టుకో.

ప్రభువునందు,
మీ అన్నయ్య