వర్చువల్ మెషీన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో వర్చువల్ మెషీన్ల గురించి అడిగినవే ఎక్కువ. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబు రాస్తున్నాను. ముందుగా రెండు మాటలు గుర్తుపెట్టుకోండి: మీ అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అంటారు, దాని లోపల సాఫ్ట్‌వేర్ సాయంతో నడిచే రెండో సిస్టమ్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, గెస్ట్ అంటారు.

ప్రశ్న: లినక్స్ నేర్చుకుందామని విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో, వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ వేసుకున్నాను. మెషీన్ తయారుచేసి స్టార్ట్ నొక్కగానే, వీటీ-ఎక్స్ బయోస్‌లో డిసేబుల్ అయి ఉందని ఎర్రర్ వస్తోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో తమ ప్రాసెసర్లలో వర్చువల్ మెషీన్లని నేరుగా నడిపే ఈ సౌకర్యం పెట్టడం మొదలుపెట్టాయి, ఇప్పుడు వాడుతున్నవాటిలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. తయారీదారు దాన్ని ఆపేసి అమ్మాడు, అంతే. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు, విండోస్ కంటే ముందుండే సెట్టింగుల తెర అయిన బయోస్‌లోకి వెళ్లి, ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో వీటీ-ఎక్స్ అనో, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అనో ఉండే వరస వెతికి ఎనేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. ఆ తర్వాత విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే, కింద వర్చువలైజేషన్ పక్కన ఎనేబుల్డ్ అని కనపడాలి. ఒక జాగ్రత్త. డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బయోస్‌లో ఏదైనా మార్చాక విండోస్ రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ ముందే ఎక్కడో రాసిపెట్టుకోండి, అప్పటికప్పుడు వెతుక్కుంటే చాలా టెన్షన్.

ప్రశ్న: అంతా ఆన్‌లోనే ఉంది, ఎర్రర్ ఏమీ లేదు, కానీ గెస్ట్ మరీ నత్తనడక నడుస్తోంది. కింద మూల ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఒకటి వస్తోంది. అదేంటి?

జవాబు: ఆ తాబేలే అసలు సంగతి చెప్తోంది. విండోస్‌లో హైపర్-వీ అనే మైక్రోసాఫ్ట్ సొంత హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్, ఉంటుంది. అది ముందే ప్రాసెసర్ సౌకర్యాన్ని చేతిలో పెట్టుకుంటే, వర్చువల్‌బాక్స్ నేరుగా వాడుకోలేక దాని ద్వారా పని చేయించుకోవాలి, అందుకే నెమ్మది. మీరు హైపర్-వీని ఎప్పుడూ ఆన్ చేయలేదు కదా అనుకోవచ్చు, కానీ విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2, సెక్యూరిటీ సెట్టింగుల్లోని మెమరీ ఇంటెగ్రిటీ కూడా దాని మీదే ఆధారపడతాయి. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ ముందున్న టిక్కులు తీసేసి రీస్టార్ట్ చేస్తే చాలామందికి తాబేలు పోతుంది, డబ్ల్యూఎస్ఎల్2 కూడా దాంతోపాటు పనిచేయడం మానేస్తుంది. మెమరీ ఇంటెగ్రిటీ మాత్రం ఆపేయమని నేను చెప్పను. బ్యాంకు పనులు, ఆఫీసు పనులు చేసుకునే కంప్యూటర్‌లో రక్షణ తీసేసి వేగం కొనుక్కోవడం నాకు నచ్చదు. మీది విండోస్ ప్రో అయితే హైపర్-వీలోనే గెస్ట్‌ని పెట్టుకోండి, హోమ్ ఎడిషన్‌లో అది రాదు. వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబర్ నుంచి అందరికీ ఉచితం, అదీ ఒకసారి చూడొచ్చు.

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ఉంది. గెస్ట్‌కి ఎంత ఇవ్వాలి?

జవాబు: 4 జీబీ దాటొద్దు. గెస్ట్‌కి ఎక్కువ ఇస్తే అది పరిగెడుతుందనుకుంటారు, కానీ హోస్ట్‌కి ర్యామ్ చాలకపోతే అది డిస్క్ మీద పడి గీక్కుంటుంది, రెండూ కలిసి మొరాయిస్తాయి. ప్రాసెసర్ కోర్లు కూడా సగమే ఇవ్వండి. గెస్ట్ ఫైలు మాత్రం ఎస్ఎస్‌డీ మీద ఉండేలా చూడండి, తిరిగే పాత హార్డ్ డిస్క్ మీద ఎంత ర్యామ్ పోసినా సుఖం లేదు.

ప్రశ్న: నా పని మొత్తం వర్చువల్ మెషీన్‌లోనే చేస్తాను. ఏదైనా కొత్తది వేసే ముందల్లా, తేడా వస్తే వెనక్కి రావడానికి స్నాప్‌షాట్ తీస్తాను, కాబట్టి వేరే బ్యాకప్ పెట్టుకోలేదు. ఇప్పుడు డిస్క్ నిండిపోయింది. స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో ఉన్న పెద్ద ఫైళ్లు డిలీట్ చేసేయొచ్చా?

జవాబు: దయచేసి ఆ ఫోల్డర్ మీద చెయ్యి వేయకండి! ఈ ఉత్తరం చూసి నిజంగా కంగారు పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

స్నాప్‌షాట్ తీసినప్పుడు డిస్క్ మొత్తానికి కాపీ తయారవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. అప్పటిదాకా ఉన్న డిస్క్ ఫైలుని వర్చువల్‌బాక్స్ అక్కడితో ఆపేసి, ఇక ముట్టుకోదు. ఆ క్షణం నుంచి మీరు మార్చిన ప్రతీదీ స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో పుట్టిన కొత్త ఫైల్లోకి వెళ్తుంది. ఇంకో స్నాప్‌షాట్ తీస్తే ఇంకో ఫైలు, అది దానికి ముందున్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అంటే ఇవాళ మీరు చూస్తున్న డిస్క్, మొదటి ఫైలూ దాని మీద పేరుకున్న మార్పుల ఫైళ్లూ అన్నీ కలిస్తేనే వస్తుంది. మధ్యలో ఒక్కటి చేత్తో తీసేస్తే గొలుసు తెగి మెషీన్ ఇక లేవదు. అలాగే వీడీఐ అన్న ఆ మొదటి డిస్క్ ఫైలు ఒక్కదాన్నే కాపీ చేసి దాచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అందులో మొదటి స్నాప్‌షాట్ ముందటి రూపమే ఉంటుంది, తర్వాత చేసిన పనంతా అందులో లేదు.

స్నాప్‌షాట్ అదే డిస్క్ మీద ఉంటుంది కదా, డిస్క్ పోతే అదీ పోతుంది. ప్రయోగం చేసి వెనక్కి రావడానికి అంత మంచిది మరొకటి లేదు, కానీ దాచుకోవడానికి పనికిరాదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మెషీన్‌ని సేవ్ స్టేట్‌లో, అంటే నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆపి, వదలకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. దాని ఫోల్డర్ మొత్తం, స్నాప్‌షాట్స్‌తో సహా, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి కాపీ చేయండి. లేదా ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్‌తో ఓవీఏ అనే ఒకే ఫైలుగా తీయండి, అందులో ఇప్పటి రూపం ఒక్కటే వస్తుంది, పాత స్నాప్‌షాట్లు రావు, చాలామందికి అది చాలు. కాపీ చేతిలో పడ్డాక, వర్చువల్‌బాక్స్ లోపలే స్నాప్‌షాట్ల జాబితా తెరిచి అక్కర్లేనివి డిలీట్ చేయండి. అలా చేస్తే మార్పులు పోవు, పక్కనున్న ఫైల్లో కలుస్తాయి. కలిపేటప్పుడు కాసేపు అదనంగా చోటు కావాలి, డిస్క్ పూర్తిగా నిండి ఉంటే ముందు హోస్ట్‌లో వేరే ఏవైనా తీసి కాస్త ఖాళీ చేసుకోండి. ఎక్కువ సమయం పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దు.

ప్రశ్న: పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోనే తెరుచుకుంటుంది. వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ పెట్టుకుంటే వైరస్ భయం ఉండదు కదా?

జవాబు: ఉంటుంది, తగ్గుతుంది అంతే. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది, కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కి కలపకండి. సెట్టింగుల్లో నెట్‌వర్క్ అడాప్టర్ ముందున్న టిక్కు తీసేయండి, ఆ సాఫ్ట్‌వేర్‌కి నెట్ అవసరం లేకపోతే మీకేం నష్టం లేదు. షేర్డ్ ఫోల్డర్ పెట్టుకోక తప్పదంటే రీడ్ ఓన్లీగా పెట్టండి, ఎందుకంటే గెస్ట్‌లోకి ర్యాన్సమ్‌వేర్ చేరితే రాసే వీలున్న ఆ ఫోల్డర్‌లోని మీ హోస్ట్ ఫైళ్లనీ తాళం వేసేస్తుంది. గెస్ట్ గోడ దూకి హోస్ట్‌లోకి వచ్చే లోపాలు అరుదే కానీ ఉన్నాయి: 2015లో బయటపడ్డ వెనమ్ అనే లోపం, ఎవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్‌ని అనుకరించే కోడ్‌లోనే ఉంది. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి. ఇంకోటి, గెస్ట్‌లో వేసే విండోస్‌కి వేరే లైసెన్స్ ఉండాలి, హోస్ట్ లైసెన్స్ దానికీ సరిపోతుందనుకోవద్దు.

ప్రశ్న: ఎం సిరీస్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లో వర్చువల్ మెషీన్ పెడితే, మామూలు విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) బూట్ కావడం లేదు.

జవాబు: అది ఆర్మ్ ప్రాసెసర్, మామూలు విండోస్ ఐఎస్ఓ ఇంటెల్, ఏఎండీ రకం ప్రాసెసర్లది. వర్చువలైజేషన్‌లో గెస్ట్ సూచనలు హోస్ట్ ప్రాసెసర్ మీదే నేరుగా నడుస్తాయి, కాబట్టి గెస్ట్ కూడా ఆర్మ్‌దే కావాలి. విండోస్ 11లో, లినక్స్‌లో ఆర్మ్ రూపాలు ఉన్నాయి, అవి వేసుకోండి. ఇంటెల్ గెస్టే కావాలంటే యూటీఎం అనే మ్యాక్ యాప్‌లో ఎమ్యులేషన్ ఉంది, కానీ ప్రతి సూచననీ తర్జుమా చేస్తూ పోవాలి కాబట్టి రోజువారీ పనికి అంత ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: గెస్ట్ లినక్స్‌లో ఇంటర్నెట్ వస్తోంది. కానీ హోస్ట్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (వేరే సిస్టమ్‌ని టెర్మినల్ నుంచి నడిపే పద్ధతి) 10.0.2.15కి వెళ్లబోతే అందడం లేదు.

జవాబు: ఆ అడ్రస్ చూస్తేనే తెలుస్తోంది, మీరు నాట్ మోడ్‌లో ఉన్నారు. నాట్‌లో గెస్ట్ బయటికి వెళ్లగలదు, బయటివాళ్లు లోపలికి రాలేరు. బ్రిడ్జ్‌డ్ మోడ్‌కి మార్చమని ఎవరైనా చెప్తారు, కానీ అప్పుడు గెస్ట్ మీ నెట్‌వర్క్‌లో అందరికీ కనపడుతుంది, పైగా కొన్ని వైఫై అడాప్టర్లతో అది సరిగ్గా కుదరదు. నాట్‌లోనే ఉంచి, హోస్ట్ పోర్ట్‌కి వచ్చినదాన్ని గెస్ట్‌కి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ తెరిచి ఒక వరస చేర్చండి: హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ పోర్ట్ 22. గెస్ట్‌లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నడుస్తోందో లేదో కూడా చూసుకోండి, చాలా డెస్క్‌టాప్ లినక్స్‌లలో అది మొదట ఉండదు. ఇక హోస్ట్‌లో టెర్మినల్ తెరిచి 127.0.0.1కి (అంటే ఆ హోస్ట్‌కే) 2222 పోర్ట్ మీద వెళ్తే సరి. హోస్ట్ ఐపీ అన్న గడిలో కూడా 127.0.0.1 అనే రాయండి, దాన్ని ఖాళీగా వదిలితే పక్క కంప్యూటర్ల నుంచి కూడా ఆ పోర్ట్ తలుపు తట్టొచ్చు.