ఓవెన్ తలుపు వదులైతే కోడలికి ప్రమాదమా?

అక్కా, మీ కోడలికి మూడో నెల, మైక్రోవేవ్ ఓవెన్ తలుపు కింద మూల వదులైంది, రేడియేషన్ వస్తుందేమో, పారెయ్యాలా అని అడిగారు. పారెయ్యకండి. అయితే ఆ తలుపు బాగయ్యేదాకా ప్లగ్గు మాత్రం పెట్టకండి. ఎందుకో మా ఇంట్లో జరిగింది చెప్తాను.

దేవరకొండ నుంచి నల్లగొండకు ఇల్లు మారినప్పుడు ట్రాలీ ఆటోలో మా ఓవెన్ తలుపుకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి తలుపు తీసినప్పుడల్లా లోపల ఫ్యూజు పోయేది. తెలిసిన మెకానిక్ వచ్చి అరగంటలో బాగు చేసి, "ఇగ ఫ్యూజు పోదు సార్" అన్నడు. నిజంగానే పోలేదు. వారం తర్వాత మా అమ్మ పొద్దటి పప్పు వేడి చేస్తూ మధ్యలో తలుపు తీసింది. లోపల ప్లేటు తిరుగుతూనే ఉంది! ఉరికిపోయి ప్లగ్గు పీకేశాను. అమ్మ అప్పటికి చెయ్యి లోపల పెట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సర్వీసు సెంటర్‌లో విప్పి చూపించారు. తలుపు తీయగానే కరెంటు ఆపడానికి లోపల స్విచ్చులుంటాయి. దెబ్బకు అందులో ఒకటి అతుక్కుపోయింది. అలాంటప్పుడు ఓవెన్ నడవకుండా ఫ్యూజును కాల్చేయడానికే ఇంకో స్విచ్చు పెడతారట. అంటే ఫ్యూజు పోయి మమ్మల్ని కాపాడుతోంది. ఆ మెకానిక్ స్విచ్చులన్నీ డైరెక్ట్ చేసి ఆ కాపలానే తీసేశాడు.

ఇక రేడియేషన్ సంగతి. ఆ మాట వింటే మన దిక్కు పెద్దగట్టు, లంబాపూర్, అమ్రాబాద్ యురేనియం తవ్వకాల సంగతే గుర్తొస్తుంది. ఆ భయం ఊరికే రాలేదు, కానీ ఇది వేరు. యురేనియం కిరణాలు మన కణాల్లోని డీఎన్ఏను తెంపగలవు. ఓవెన్‌వి 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు, వైఫై కుటుంబానివే. వాటికి తెంపే బలం లేదు, వేడి చేస్తాయి. ఆపెయ్యగానే తరంగాలు ఉండవు, కూరలో కూడా ఏమీ మిగలదు. కాబట్టి తలుపు బాగున్న ఓవెన్‌ను మీ కోడలు నిక్షేపంగా వాడుకోవచ్చు.

వేడిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బలంగా లీకైతే ఒళ్లు కాలుతుంది. కంటి కటకానికి రక్తం అందదు కనుక అక్కడ వేడి త్వరగా చల్లారదు. అందుకే అమెరికాలో 1971 నుంచి ఒక హద్దు ఉంది: ఓవెన్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు, కొత్తదైతే 1 మిల్లీవాటే. అక్కడ 5 ఉన్నది అర మీటరు అవతలికి వెళ్లేసరికి సుమారు నూరో వంతుకు పడిపోతుంది. ఓవెన్ నడిచేటప్పుడు అద్దానికి ముఖం ఆనించి చూడకుండా రెండడుగులు వెనక్కి నిలబడమని నేను మా ఇంట్లో అందరికీ చెప్పేది అందుకే.

తలుపు చుట్టూ సన్నటి సందు కనిపించినంత మాత్రాన లీకైనట్టు కాదు. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. తలుపు అంచులో దాన్ని వెనక్కి తిప్పే గాడి ఉంటుంది. మీది వదులైంది అంటున్నారు కాబట్టి చూపించాల్సిందే. కీలు వంగినా, తలుపు అద్దంలోని లోహపు జాలీ చిరిగినా, అంచు మీద నూనె జిడ్డు పేరుకున్నా అంతే.

లోపల ఫోన్ పెట్టి రింగ్ చేసి చూడమని కొందరు చెప్తారు. అది పరీక్ష కాదక్కా. ఎంతో బలహీనమైన సిగ్నల్‌ను కూడా అందుకునేలా ఫోన్‌ను తయారు చేస్తారు, అది మోగితే ఓవెన్ లీకవుతున్నట్టు కాదు. స్క్రూలు విప్పే పని ఇంట్లో ఎవరూ పెట్టుకోవద్దు. లోపల కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్‌లో దాదాపు 2000 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా షాక్ కొట్టి ప్రాణం తీయగలదు. నిజం చెప్పాలంటే నాకు లీకు కన్నా దాని భయమే ఎక్కువ.

తరంగాల లీకును కొలిచే మీటరు ఉన్నవాళ్లనే పిలవండి. బాగు చేశాక గ్లాసెడు నీళ్లు పెట్టి ఆన్ చేయించి, మధ్యలో తలుపు తీయమనండి. ఆ క్షణమే ఆగాలి. అది మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.