చల్లటి ఇళ్లు గీయాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: ఏసీ అవసరం తక్కువగా ఉండే ఇళ్లు డిజైన్ చేస్తానంటోంది మా అమ్మాయి. ఆర్కిటెక్చర్, సివిల్, మెకానికల్, కొత్తగా వచ్చిన గ్రీన్ బిల్డింగ్ డిగ్రీ... ఏది మేలు? బంధువుల అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో బాగా సంపాదిస్తున్నాడు. ఈమెకు ఉద్యోగమైనా వస్తుందా? - ఓ తండ్రి

జవాబు: కోర్సు పేరు అడిగారు గానీ, మీ బెంగంతా చివరి మాటలోనే ఉంది. వస్తుంది. ఎండ కాసే చోట ఇళ్లు కట్టడం ఆగదు, కరెంటు బిల్లూ ఆగదు. మొదట్లో జీతం తక్కువే, అది దాచను. ఆ అబ్బాయి జీతం ఊసు మాత్రం ఆమె ముందు ఎత్తకండి. మీరు చేస్తున్నది సలహా కాదు, దెప్పిపొడుపు.

నా అనుమానమల్లా గ్రీన్ డిగ్రీ మీదే. చేర్చేముందు సిలబస్ తెప్పించుకోండి. భవనాలకు పర్యావరణ రేటింగ్ తెచ్చే పాయింట్ల లెక్కలే ఎక్కువుండి, గోడలోంచి వేడి ఎలా నడుస్తుందో చెప్పే పేపరు లేకపోతే వదిలేయండి. లీడ్ (అలాంటి రేటింగ్ పద్ధతుల్లో ఒకటి) లాంటి సర్టిఫికెట్ పరీక్షలు డిగ్రీ అయ్యాకైనా రాయొచ్చు.

పడమటి కిటికీనే తీసుకోండి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది, రెండడుగుల సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. కిటికీ బయట నిలబెట్టే పలకలో (ఫిన్లు), బయటి షట్టరో కావాలి. లోపల కర్టెన్ వేస్తే అప్పటికే వేడి అద్దం దాటేసి ఉంటుంది. స్లాబుకు ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, పైన వేయాలి. కింద వేస్తే కాంక్రీటు రోజూ కాగుతూ, చల్లారుతూ పగుళ్లిస్తుంది. మందపాటి గోడ పొడి వాతావరణంలో, రాత్రి బాగా చల్లబడే చోట వరమే. ఉక్కపోత ప్రాంతంలో, రాత్రికీ పగటికీ అయిదారు డిగ్రీలే తేడా ఉన్నచోట, అదే గోడ రాత్రంతా పడకగదిలోకి వేడి వదులుతుంది. అక్కడ నీడ, పలచటి గోడ, ఎదురెదురు కిటికీలు పనిచేస్తాయి. ఏసీ కూడా అవసరానికి మించిన టన్నులది పెడితే, ఇన్వర్టర్ లేనిదైతే మరీనూ, గదిని చటుక్కున చల్లబరిచి ఆగిపోతుంది. తేమ మిగిలి గోడలకు బూజు పడుతుంది.

ఇవన్నీ ఆర్కిటెక్చర్‌లో గీతలుగా, మెకానికల్‌లో లెక్కలుగా వస్తాయి. సివిల్‌లో స్ట్రక్చర్‌దే పెద్దపీట, ఈ పనికి అది చుట్టుదారి. ఏది చదివినా తర్వాత బిల్డింగ్ సైన్స్‌లో మాస్టర్స్ చేయొచ్చు. సిమ్యులేషన్, అంటే ఇల్లు ఎంత వేడెక్కుతుందో కట్టకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం, నేర్చుకోవడానికి ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

ఈలోగా ఒక పని చెప్పండి. పడమటి గదిలో గాలి, గోడ ఉష్ణోగ్రతలు మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి వారం పాటు రాయమనండి. గోడకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. రాత్రి గాలికన్నా గోడే ఎందుకు వేడిగా ఉందో కూపీ లాగుతూ కూర్చుంటే మెకానికల్ వైపు చూడండి. ఆ గోడకు నీడ ఎలా పట్టాలా అని గీయడం మొదలెడితే ఆర్కిటెక్చర్‌లో చేర్చండి.