పంట్లో బ్లీచింగ్ వాసన మందు ఎందుకు పోస్తున్నారు?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. కింది దవడ పన్నుకి చీము పట్టిందని రూట్ కెనాల్ మొదలుపెట్టారు. వెళ్లిన ప్రతిసారీ బ్లీచింగ్ వాసన వచ్చే మందు సిరంజితో పోసి కడుగుతున్నారు. మొన్న కాస్త గొంతులోకి దిగి మండింది. రెండు సిట్టింగులయ్యాక కూడా మళ్లీ మందు పెట్టి మూశారు. ఇదంతా అవసరమా, యాంటీబయాటిక్ వాడితే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. మాత్ర పనిచేయాలంటే రక్తంలో కలిసి అక్కడికి చేరాలి. లోపల నరం చచ్చిపోయిన పంట్లోకి రక్తమే వెళ్లదు. అందుకే మాత్రలు వేసుకున్నప్పుడు వాపు తగ్గి, ఆపిన కొన్నాళ్లకి మళ్లీ తిరగబెడుతుంది.

మీకు వాసన వచ్చింది సోడియం హైపోక్లోరైట్. బ్లీచింగ్ ద్రావణంలో ఉండేదే, పంటికి 0.5 నుంచి 5.25 శాతం దాకా వాడతారు. రూట్ కెనాల్ అంటే ఫైళ్లనే సన్నటి సూదుల్లాంటి పరికరాలతో గీకడమే అనుకుంటారు చాలామంది, కానీ దవడ పన్ను వేళ్లలోని కాలువలు తిన్నగా ఉండవు, ఒకదాన్నుంచి ఒకదానికి సన్నటి చీలికలుంటాయి, పక్కకి చీలిన కొమ్మలుంటాయి, ఫైల్ అసలు తగలని గోడలు చాలా మిగిలిపోతాయి, సూక్ష్మక్రిములు అక్కడే పొరలా అంటుకుని కూర్చుంటాయి. ఫైల్ దారి వెడల్పు చేస్తుంది, శుభ్రం చేసే పని ఎక్కువగా ఈ మందుదే. క్రిములను చంపడమే కాదు, కుళ్లిన నరాన్ని కరిగిస్తుంది కూడా. క్రిములను చంపే మరో మందు క్లోర్‌హెక్సిడిన్‌కి ఆ కరిగించే గుణం లేదు. గీకినప్పుడు గోడలకి అంటుకున్న పొడి పొరని తీయడానికి 17 శాతం ఈడీటీఏ అనే ఇంకో ద్రావణం వాడతారు.

మూసే ముందు పెట్టింది బహుశా కాల్షియం హైడ్రాక్సైడ్ అయి ఉంటుంది. చీము పట్టిన పంట్లో దాన్ని వారం పది రోజులు ఉంచడం మామూలే, మీ డాక్టరు కాలయాపన చేస్తున్నారని అనుకోకండి. మీవాళ్లెవరికో ఒక్క సిట్టింగులో అయిపోయిందని తొందరపెట్టొద్దు, పన్ను పన్నుకీ పరిస్థితి వేరు.

గొంతులోకి దిగడం మాత్రం జరక్కూడదు. పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి షీటు బిగిస్తే మందు నోట్లోకి రాదు, ఉమ్మి కాలువలోకి పోదు. ఈసారి వేయమని మొహమాటం లేకుండా అడగండి, రబ్బరు పడకపోతే ముందే చెప్పండి. కొద్ది చుక్కలే దిగి, నీళ్లతో పుక్కిలించాక మంట తగ్గిపోతే భయం లేదు, మింగడం ఇంకా కష్టంగా ఉంటే వెంటనే చూపించుకోండి. మందు పోస్తున్నప్పుడు ఒక్కసారిగా భరించలేని నొప్పి వస్తే ఓర్చుకోవద్దు, చెయ్యెత్తి ఆపించండి. వేరు కొన దాటి బయటికి పోతే నిమిషాల్లో బుగ్గ వాచిపోతుంది.

పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు ఊడితే తర్వాతి సిట్టింగుదాకా ఆగకుండా మర్నాడే వెళ్లండి. జ్వరం వచ్చి, వాపు దవడ కిందికో కంటి వైపుకో పాకుతున్నా, నోరు తెరవలేకపోతున్నా అర్ధరాత్రయినా కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే ఆ సంగతి మీ డెంటిస్టుకి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.