ఓటీపీ చెప్పేముందు ఫారం చదువు

గుంటూరు

చి. సౌ. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాసి పంపిస్తున్నాను. అల్లుడుగారికీ చూపించు.

ఆఫీసువాళ్ళ ఆరోగ్య బీమా పాలసీ ఉందిగా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. ఉద్యోగం మానేస్తే అది పోతుంది. ఇప్పటికైనా సొంతంగా తీసుకోవాలనుకున్నారు, సంతోషం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేశారు కాబట్టి ఆ మేరకు కాస్త పెద్ద మొత్తానికే చూసుకోండి.

యాప్‌లో కొనాలా, నరసరావుపేటలో మీకు తెలిసిన ఏజెంటు దగ్గర కొనాలా అనడిగావు. నేనైతే మనిషి దగ్గరే కొనమంటాను. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చున్నన్నాళ్ళూ చూశాను: బీమా కంపెనీ నుంచి క్వెరీ, అంటే వివరాలడిగే ప్రశ్న, వచ్చిన రోజున పాత కాగితాలు పట్టుకుని స్కూటర్ మీద వచ్చి మా ఎదురుగా కూర్చునే ఏజెంట్లున్నారు. పాలసీ అమ్మాక ఫోనెత్తనివాళ్ళూ ఉన్నారు. మీ ఏజెంటు ఏ రకమో కొనేముందే తేల్చుకోవాలి.

ముందు అడగాల్సింది, "మీరు ఏజెంటా, బ్రోకరు తరఫునా?" అని. చట్టం ప్రకారం మామూలు ఏజెంటు ఒక లైఫ్ కంపెనీకి, ఒక జనరల్ కంపెనీకి, ఒక హెల్త్ కంపెనీకి మాత్రమే పనిచేయగలడు. ఎన్నో కంపెనీల పాలసీలు పక్కపక్కన పెట్టి చూపించగలిగేది బ్రోకరు, లేదా ఆ బ్రోకరు కింద ఉండే పీఓఎస్ (పాయింట్ ఆఫ్ సేల్స్) మనిషి. ఒకే కంపెనీ ఏజెంటయితే తప్పేం లేదు, కానీ ఆయన "ఇదే బెస్ట్" అంటే తన దగ్గరున్నవాటిలో బెస్ట్ అని. ఇంకో ముచ్చట, కొందరు భార్య పేరున వేరే కంపెనీ ఏజెన్సీ నడిపిస్తుంటారు. పాలసీ మీద ఎవరి పేరూ కోడూ పడుతున్నాయో చూడు, రేపు లెక్కకు వచ్చేది ఆ పేరే. "మొదటి ప్రీమియంలో నా కమీషన్ మీకే ఇచ్చేస్తా" అంటే మాత్రం నవ్వి పంపించెయ్. 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే, పది లక్షల దాకా జరిమానా ఉంది. పైగా కమీషనే వదులుకున్నవాడు అర్ధరాత్రి ఆస్పత్రికి దేనికోసం వస్తాడు?

"మీ ద్వారా క్లెయిమ్ తీసుకున్న ఒకరిద్దరితో మాట్లాడిస్తారా?" అని కూడా అడుగు. పాలసీలు ఎన్ని అమ్మారో మనకనవసరం.

ఇప్పుడు అసలు సంగతి, ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మనం పెట్టుకునే దరఖాస్తు. ఈ రోజుల్లో ఏజెంటే తన ఫోన్లో నింపేస్తాడు. బీపీ, షుగర్, థైరాయిడ్, పాత ఆపరేషన్లు, అన్నిటికీ 'నో' కొట్టి, "ఓటీపీ వచ్చిందామ్మా, చెప్పండి" అంటాడు. ఆ ఓటీపీ నీ సంతకంతో సమానం. తర్వాత "నేను చూడలేదండీ" అంటే ఎవరూ వినరు.

ఇది ఎక్కడ బయటపడుతుందో చెప్తాను. పేషెంటు అడ్మిట్ కాగానే డ్యూటీ డాక్టరు కేస్ షీట్ రాస్తూ "బీపీ ఉందా? ఎప్పట్నుంచి?" అంటాడు. పక్కనున్న బావగారో బామ్మర్దో "ఆరేళ్ళ నుంచండీ" అంటాడు. డాక్టరు అదే రాస్తాడు. పాలసీకేమో రెండేళ్ళే. ఆ కేస్ షీట్ ప్రీ-ఆథరైజేషన్‌తో (చికిత్సకు ముందే అనుమతి అడిగే కాగితంతో) పాటు కంపెనీకి వెళ్తుంది. సాయంత్రానికల్లా "మొదటిసారి బీపీకి చూపించుకున్న కాగితాలు పంపండి" అని క్వెరీ వస్తుంది. ఆ తర్వాత క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే ఏర్పాటు) రద్దు. ఒక్కోసారి పాలసీయే రద్దు.

అందుకే అల్లుడుగారు రోజూ వేసుకునే బీపీ మాత్ర, నీ సిజేరియన్, థైరాయిడ్, ఏదీ దాచకండి. చెప్తే ఏమవుతుంది? ప్రీమియం కొంచెం పెరగొచ్చు. ముందే ఉన్న జబ్బులకు ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు ఆగాలి (2024 దాకా నాలుగేళ్ళుండేది). "ఐదేళ్ళు దాటితే ఎవరూ ఏమీ అనలేరమ్మా" అని కొందరు ఏజెంట్లు ధైర్యం చెప్తారు. అందులో సగమే నిజం. ఐదేళ్ళు వరసగా కట్టాక కంపెనీ పాత విషయాలు తవ్వకూడదు కానీ మోసానికి ఆ రక్షణ లేదు. తెలిసి తెలిసి దాస్తే దాన్ని మోసమనే అంటారు.

ఫారంలో ఫోన్ నంబరూ ఈమెయిలూ నీవే ఉండాలి. ఏజెంట్లు తమవి పెట్టేస్తుంటారు, రెన్యూవల్ కబురు వాళ్ళకే పోతుంది.

రూమ్ రెంట్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఐదు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం అని ఉంటే ఐదు వేల గది వరకే. మీరు పది వేల గది తీసుకున్నారనుకో, పైన ఐదు వేలు మనం పెట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. కాదు. ఆస్పత్రిలో గదిని బట్టి సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ, నర్సింగ్ కూడా మారతాయి, అందుకని వాటికీ కంపెనీ సగమే ఇస్తుంది. మందులకు, ఇంప్లాంట్లకు, టెస్టులకు ఈ కోత లేదు గానీ డిశ్చార్జి రోజున మాతో గొడవపడేవాళ్ళలో ఎక్కువమంది గొడవ ఈ కోత గురించే. వీలైతే రూమ్ పరిమితి లేని పాలసీ తీసుకోండి. కో-పే, అంటే ప్రతి బిల్లులో మనం కట్టుకోవాల్సిన వాటా, ఎంతో అడుగు. శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటివాటికి విడిగా ఎన్నేళ్ళు ఆగాలో కూడా అడుగు.

అత్తయ్యగారినీ మామయ్యగారినీ మీ ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ ఒకే మొత్తం ఉండే పాలసీలో) కలపొద్దు. ప్రీమియం ఇంట్లో పెద్దవారి వయసును బట్టి కడతారు. వాళ్ళకు విడిగా చూడండి. మామయ్యగారికి డెబ్బై దాటాయి కదా, ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల దాకా ప్రభుత్వమే వైద్యం ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డుంది, ఆధార్‌తో అది ముందు చేయించండి.

నెట్‌వర్క్ ఆస్పత్రుల (కంపెనీతో క్యాష్‌లెస్ ఒప్పందం ఉన్నవాటి) జాబితాను నమ్ముకోవద్దు. మీరు వెళ్ళే ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కి ఫోన్ చేసి, ఈ కంపెనీ క్యాష్‌లెస్ ఇప్పుడు నడుస్తోందా అనడుగు. ఆ డెస్క్‌లో కూర్చున్న అమ్మాయికి తెలిసినంత ఏజెంటుకూ తెలియదు.

డబ్బు కంపెనీ పేరుకే కట్టాలి, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కివ్వొచ్చు. ఆ లోపు ప్రపోజల్ కాపీ తీసి ఒక్కో జవాబూ చదువు. తప్పుంటే వెంటనే మెయిల్ పెట్టి దిద్దించు.

రేపెప్పుడైనా అన్యాయంగా క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు, ఆ తర్వాత బీమా నియంత్రణ సంస్థవాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగవులు తీర్చే అధికారి) ఉన్నారు. యాభై లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఆదివారం ఏజెంటు వస్తానన్నాడు కదా. అల్లుడుగారి మందుల చీటీ, నీ డిశ్చార్జి సమ్మరీ, పోయినేడాది రక్తపరీక్షలు ఒక ఫైల్లో పెట్టుకో. నింపాక ఓటీపీ చెప్పకుండా ఆ పేజీలన్నీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్. మధ్యాహ్నం నిద్రపోను, చూసి చెప్తాను.

పిల్లలకు ముద్దులు.

మీ పెద్దమ్మ